జాలీ వెనక అట్టముక్క

2019 నవంబరు 7న కాశ్మీరు లోయలో మంచు పడింది. అక్కడ మంచు కొత్త కాదు గాని, ఆ ఏడు వేళ తప్పి ముందే వచ్చింది. చెట్ల మీద ఆకు ఇంకా రాలలేదు. చాలా తోటల్లో కాయ కూడా దించలేదు. ఆకూ కాయా మోస్తున్న కొమ్మల మీద తడిమంచు పేరుకుని, ఏళ్ల తరబడి పెంచిన యాపిల్ చెట్లు నిలువునా చీలిపోయాయి. జమ్మూ–శ్రీనగర్ రోడ్డు మూసేశారు. లోడు చేసుకుని కిందికి బయల్దేరిన లారీలు ఖాజీగుండ్ దగ్గర ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి.

ఆ వరసలో తెలంగాణ నంబరున్న పది టైర్ల లారీ ఒకటి. ఊరు నాదర్‌గుల్. సరుకు సోపోర్ మండీలో ఎత్తిన యాపిల్ పేటీలు. చేరాల్సింది 2,400 కిలోమీటర్ల అవతల, హైదరాబాదు కొత్తపేట పండ్ల మార్కెట్టుకు. డ్రైవరుకు నలభై దాటాయి. క్లీనరు అతని అక్క కొడుకు, పంతొమ్మిదేళ్లవాడు, కాశ్మీరు చూడటం అదే మొదలు.

ఇద్దరికీ ఇక్కడ పేర్లు పెట్టలేదు. ఆ దారిలో తిరిగే లారీ మనుషులకు ఎదురయ్యే అనుభవాలను ఈ ఇద్దరి మీదుగా అల్లి చెబుతున్నాను. మంచు పడిన రోజు, రోడ్డు, మార్కెట్టు, ఇంజిన్‌లో జరిగినది, జరగడానికి కారణం మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నాదర్‌గుల్ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. సాగర్ రోడ్డు మీద బీఎన్ రెడ్డి నగర్ దాటి గుర్రంగూడ దగ్గర లోపలికి తిరిగితే వస్తుంది. ఎంవీఎస్ఆర్ ఇంజినీరింగు కాలేజీ, శిక్షణ విమానాలు ఎగిరే చిన్న ఎయిర్‌ఫీల్డు, ప్లాట్లుగా మారుతున్న పొలాలు. బండి నిలుపుకోవడానికి జాగా దొరుకుతుంది. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర. కొత్తపేట మార్కెట్టు, వనస్థలిపురం ఆటోనగర్, విజయవాడ హైవే అన్నీ చేతికందే దూరం. లారీ నడిపేవాడికి అంతకన్నా ఏం కావాలి?

ఆ సీజన్‌లో డ్రైవరు కాశ్మీరు కిరాయి ఒప్పుకోవడమే ఆలోచించి ఒప్పుకున్నాడు. ఆగస్టు నుంచి అక్కడ ఫోన్లు, ఇంటర్నెట్ సరిగా లేవు. అక్టోబరులో షోపియాన్ వైపు యాపిల్ లారీల మీద దాడులు జరిగి బయటి రాష్ట్రాల డ్రైవర్లు చనిపోయారు. ఇంట్లో వద్దన్నారు. కిస్తీ మాత్రం వద్దనలేదు. బండికి కొత్త కూలెంట్ పోయించాడు. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపి పోస్తే సున్నాకు 37 డిగ్రీలు దిగువకు పోయేదాకా గడ్డ కట్టదు. మంచి నీళ్లే పోసుకుని పైకి వెళ్లిన బండ్ల సంగతి అతనికి తెలుసు. నీరు గడ్డ కడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, ఇనుప బ్లాకును కూడా పగలగొడుతుంది. అందుకే ఆ ఒక్కటీ జాగ్రత్తగా చూసుకున్నాడు. చూసుకోనిది ఇంకొకటి ఉంది. అది బండిలో ఉన్న వస్తువు కాదు, లేని వస్తువు. దాని మాట తర్వాత.

ఖాజీగుండ్‌లో మొదటి రాత్రి.

రోడ్డు పక్కన మోకాలెత్తు మంచు. ఇంజిన్ ఆపితే పొద్దున మళ్లీ అందుకోదేమోనని ఎవరూ ఆపడం లేదు. ఆ భయం ఉత్తిది కాదు. చలికి డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. మైదానంలో నింపుకున్న డీజిల్‌తో కొండ ఎక్కినవాళ్లకు ఇది మరీ ఎక్కువ. ట్యాంకు కింద మంట పెట్టి కరిగించేవాళ్లూ ఉన్నారు. ఎంత ప్రమాదమో తెలిసే పెడతారు. లద్దాఖ్ చలికి తట్టుకునే శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ ఆ నవంబరు 17నే విడుదల చేసింది. సున్నాకు 33 డిగ్రీలు దిగువన కూడా అది పారుతుంది. ఖాజీగుండ్ వరసలో నిలబడ్డవాళ్లకు మాత్రం ట్యాంకులో ఉన్నదే గతి.

నాదర్‌గుల్ బండి గంటల తరబడి నడుస్తూనే ఉంది. అయినా గేజిలో ముల్లు 50 దగ్గర నుంచి కదలదు. సైలెన్సర్ నుంచి తెల్లపొగ. కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసన. ఇంజిన్ టకటకమని కొట్టుకుంటోంది.

“మామా, ముల్లు లేస్తలేదు.”

“చలికిరా. బండి కదిలితే అదే లేస్తది.”

డీజిల్ ఇంజిన్‌కు ఒక గుణం ఉంది. పెట్రోలు బండిలా అది గాలిని బిగపట్టుకోదు. ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు కూడా గాలి నిండుగా పీలుస్తుంది, డీజిల్ మాత్రం చుక్కలు చుక్కలుగా తాగుతుంది. కాబట్టి నిలబడి ఉంటే త్వరగా వేడెక్కదు. చల్లగా తిరిగే ఇంజిన్‌లో డీజిల్ పూర్తిగా కాలదు. కాలని డీజిల్ సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తూ కిందికి జారి సంపులో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, లైనర్లు, రింగులు అరుగుతాయి. రాత్రంతా ఇంజిన్ నడిపి బండిని కాపాడుకున్నామనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

పక్క లారీ పంజాబు వాళ్లది. ఆ డ్రైవరు తలపాగా మీద శాలువా చుట్టుకుని వచ్చి బానెట్టు మీద చెయ్యి వేసి చూశాడు. రేడియేటర్ ముందు ఏదైనా కట్టు, గాలి కొడుతుంటే ఎక్కడ వేడెక్కుతుందన్నాడు. తన బండి చూపించాడు. ముందు జాలీకి మందపాటి గోనెపట్టా, తాళ్లతో బిగించి ఉంది. మధ్యలో పళ్లెమంత కిటికీ కోసి ఉంది. మనవాడు ఇంకో గోనెపట్టా అయితే అడిగి తీసుకున్నాడు. కిటికీ ఎందుకని మాత్రం అడగలేదు.

గోనె కట్టాక ముల్లు 60కి వచ్చింది. డ్రైవరు నిద్రపోయాడు. క్లీనరుకు నిద్ర లేదు. కేబిన్‌లో కాంగ్డీ పెట్టుకోమని దాబావాడు ఇవ్వబోతే మామ వద్దన్నాడు. అద్దాలు బిగించుకుని నిప్పుల కుంపటి పక్కన పడుకుంటే తెల్లారి లేవరని అతనికి తెలుసు. చలిలో వణుకుతూ కుర్రాడు ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. అది మళ్లీ కిందికి జారుతోంది. బండి ఆగితే మామకు నష్టం, తనకు మాట. దిగి, పగిలిన ఒక యాపిల్ పేటీ అట్ట చింపి, ముందు మూత ఎత్తి, జాలీకీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య సందులో దూర్చాడు. అట్ట సరిగ్గా పట్టింది. ముల్లు లేచింది. కుర్రాడు తృప్తిగా ముడుచుకుని పడుకున్నాడు. బండి మీద ప్రేమతోనే చేశాడు. తెల్లారాక మామకు చెప్పాలన్న ధ్యాసే వాడికి లేదు.

కొన్నాళ్లకు రోడ్డు తెరిచి, ఒకవైపు బండ్లనే వదలడం మొదలుపెట్టారు. అప్పటికింకా ఖాజీగుండ్–బనిహాల్ కొత్త సొరంగం రాలేదు. లారీలన్నీ 1956లో తెరిచిన జవహర్ సొరంగం మీదుగానే, సుమారు 2,200 మీటర్ల ఎత్తులో, వంతులవారీగా దాటాలి. అవతల బనిహాల్, రామ్‌సూ, రామ్‌బన్. ఒకపక్క రాళ్లు జారే కొండ, ఇంకోపక్క లోయ. దిగుడు దారిలో యాక్సిలరేటర్ మీద కాలు పెట్టే పనే లేదు. ఇంజిన్ చల్లగానే ఉంది. చెనానీ–నాశ్రీ సొరంగం దాటి ఉధంపూర్ వైపు దిగాక ఎండ తగిలింది.

“గోనె ఇప్పెయ్‌రా. ఇగ అక్కర్లేదు.”

కుర్రాడు దిగి గోనె విప్పి, మడిచి, కేబిన్ వెనక దోపాడు. మామ చెప్పింది గోనె గురించి. వాడు తీసింది గోనె. జాలీ వెనక అట్ట అక్కడే ఉంది. రోడ్డు కుదుపులకు కొంచెం కిందికి జారి, బయటికి కనపడకుండా ఇంటర్‌కూలర్ కింది సగానికి అతుక్కుని ఉంది.

ఇక్కడి నుంచి బండి చెప్పిన మాటలు ఒక్కొక్కటే చూడాలి. చెప్పకుండా ఏదీ జరగలేదు.

పఠాన్‌కోట్ దాటాక ఫ్యాన్ గుయ్‌మని అరుస్తూనే ఉంది. లారీల్లో ఉండే విస్కస్ ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరగదు. రేడియేటర్ దాటి వచ్చే గాలి బాగా వేడిగా తగిలితేనే దాని క్లచ్ పట్టుకుంటుంది. నవంబరులో, పంజాబు చలిలో, చదును రోడ్డు మీద అది విడవకుండా తిరుగుతోందంటే ముందు ఏదో అడ్డముందని అర్థం. డ్రైవరు విన్నాడు. ఫ్యాన్ క్లచ్ పాడైందనుకున్నాడు.

అంబాలా దగ్గర ఓవర్‌టేక్ చేయబోతే బండి అందుకోలేదు. వెనక నల్లపొగ. లోడు ఎక్కువైందనుకున్నాడు.

ఢిల్లీ పక్కనుంచి తిరిగి ఆగ్రా వైపు వచ్చాక డీజిల్ కొట్టించి లెక్క చూసుకుంటే సగటు పడిపోయింది. కాశ్మీరులో రాత్రుళ్లు ఊరికే తిప్పిన ఇంజిన్ మీదికి తోసేశాడు ఆ లెక్కని.

అన్నిటికన్నా మోసం చేసింది గేజి. ముల్లు 85 దగ్గర చక్కగా నిలబడి ఉంది. అతను సంతోషించాడు కూడా. కాశ్మీరులో లేవని ముల్లు ఇప్పుడు లేచింది, అంతా సరిగ్గా ఉందనుకున్నాడు.

గేజి చూసేది ఒక్క నీళ్ల వేడినే. ఇప్పటి లారీల్లో రేడియేటర్‌కు ముందు ఇంటర్‌కూలర్ ఉంటుంది. టర్బో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది, లోడు మీద ఆ వేడి 150 డిగ్రీలు దాటుతుంది. ఆ గాలిని చల్లార్చి పంపడం ఇంటర్‌కూలర్ పని. దాని ముందు అట్ట పడితే చల్లారని పలచటి గాలే లోపలికి వెళ్తుంది. ప్రాణవాయువు తక్కువ, డీజిల్ అంతే. నల్లపొగ అందుకే. పికప్ పోవడం అందుకే. సైలెన్సర్ వైపు వేడి పెరిగి టర్బో మీద, వాల్వుల మీద పడుతుంది. ఇదంతా డాష్‌బోర్డు మీద ఏ ముల్లూ చెప్పదు. పాతకాలపు బండ్లకు ఇంటర్‌కూలర్ లేదు, కాబట్టి వాటి ముందు గోనె కట్టిన అలవాటు వేరు. ఆ అలవాటునే ఇప్పటి బండికి తగిలిస్తే కుదరదు.

ఝాన్సీ, లలిత్‌పూర్, సాగర్. రాత్రిపూట నడిపినంతసేపూ చల్లగాలి అట్ట తప్పును కప్పిపుచ్చింది. నర్మద దాటి నర్సింగ్‌పూర్ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ నుంచి లఖ్‌నాదౌన్ వైపు సాత్పురా కొండలు ఎక్కాలి. వందల మీటర్ల ఎత్తుకు చేర్చే దారి. నిండు లోడు. ఎండ బాగానే ఉంది. గాలి వెనకనుంచి.

మూడో గేరు. తర్వాత రెండు. బండి నడక వేగం కన్నా కొంచెం ఎక్కువ. ఎదురుగాలి లేదు, ఉన్న గాలికి అట్ట అడ్డం. ముల్లు 95 దాటింది. నూరు. ఫ్యాన్ చెవులు పగిలేలా అరుస్తోంది. కేబిన్‌లో తియ్యటి వాసన. కూలెంట్ ఆవిరి వాసన అలాగే ఉంటుంది.

“మామా, ఆపు. ఎక్కువైతుంది.”

“ఈ మలుపుల ఆపితె ఎనకోడు గుద్దుతడు. పైకి పోనీ.”

కింద ఎక్కడో టప్‌మని చప్పుడైంది. అద్దం మీద తెల్లటి ఆవిరి. కుర్రాడి కళ్లు గేజి మీదే ఉన్నాయి. వాడు ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు.

“తగ్గింది మామా! ముల్లు దిగుతుంది!”

డ్రైవరు ముఖం పాలిపోయింది. ఇరవై ఏళ్ల అనుభవంలో అతనికి ఆ దిగడం ఏమిటో తెలుసు. ఇంజిన్ చల్లబడి ముల్లు దిగలేదు. పై హోస్ పైపు పగిలి నీళ్లన్నీ రోడ్డు మీద పోయాయి. వేడిని కనిపెట్టే సెన్సరు ఇప్పుడు నీళ్లలో లేదు, ఉత్త ఆవిరిలో ఉంది. దానికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఇనుము మాత్రం కాలిపోతూనే ఉంది. ముందు మలుపు దాటగానే ఎడమ పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేశాడు.

నీళ్లు బండిలోనే ఉండి ఊరికే వేడెక్కితే చేసే పని వేరు. బండి ఆపి, లోడు లేకుండా ఇంజిన్‌ను కొంచెం రేసు మీద తిరగనిస్తే పంపు, ఫ్యాన్ కలిసి వేడిని మెల్లగా లాగేస్తాయి. నీళ్లు పోయాక మాత్రం ఒక్క క్షణం తిప్పినా ముప్పే. అతను ఆపింది సరైన సమయానికే. ఆ కొండ ఎక్కకముందే ఆపాల్సింది, అది వేరే మాట.

కుర్రాడు దూకి, గుడ్డ చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత వైపు పరిగెత్తాడు. రెండు లీటర్ల సీసాలో చన్నీళ్లు. మామ కేబిన్ లోంచే కేక పెట్టాడు. వినపడలేదు. దిగి, వాడి కాలరు పట్టి వెనక్కి ఈడ్చాడు. ఇద్దరూ రోడ్డు పక్క గడ్డిలో పడ్డారు.

“చస్తవురా! మూత ముట్టకు!”

హోస్ పగిలినా ఆ మూత కింద ఇంకా వేడి, ఆవిరి ఉన్నాయి. ప్రెషర్ మూత ఉన్న రేడియేటర్‌లో నీళ్లు నూరు దాటినా మరగకుండా ఒత్తిడిలో నిలిచి ఉంటాయి. మూత తిప్పిన మరుక్షణం ఆ నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి చిమ్ముతాయి. లారీ క్లీనర్ల మెడల మీద, చేతుల మీద కాలిన మచ్చలు ఇలాగే పడతాయి. ఇక కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలొచ్చు.

గంటన్నర అలాగే కూర్చున్నారు. ఇంజిన్ మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లబడ్డాక డ్రైవరు ముందు మూత ఎత్తాడు. పగిలిన పైపు కోసం వంగినవాడు అట్ట చూశాడు. లాగితే సులభంగా రాలేదు. తడిసి, ఎండి, ఇంటర్‌కూలర్ రెక్కలకు అంటుకుపోయింది. గోళ్లతో పెకలించాడు. ఒక పక్క ఎర్రటి యాపిల్ బొమ్మ, అచ్చు అక్షరాలు. ఇంకో పక్క రెక్కల గీతలు వరసగా అచ్చుపడి ఉన్నాయి, అంచు గోధుమరంగుకు మాడింది. ఆ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు.

“నేనే పెట్టిన మామా. ఖాజీగుండ్ల. మర్సిపోయిన.”

కొడతాడనుకున్నాడు. మామ అట్టను రోడ్డు అవతలికి విసిరి, “పాన ఇటియ్యి,” అన్నాడు.

లఖ్‌నాదౌన్ నుంచి ఎవరి బండి మీదో హోస్ తెప్పించుకుని, నీళ్లు పోసుకుని, రాత్రి చల్లబడ్డాక కదిలారు. సివనీ, నాగ్‌పూర్, హింగన్‌ఘాట్, పెన్‌గంగ దాటి ఆదిలాబాద్. దారి పొడుగునా ఆగుతూ నీళ్లు కలుపుతూ వచ్చారు. ఎక్కడా కారడం లేదు, అయినా నీళ్లు తరుగుతున్నాయి. చల్లబడ్డాక రేడియేటర్ మూత తీసి ఇంజిన్ తిప్పితే బుడగలు వస్తున్నాయి. సోన్ దగ్గర గోదావరి, ఆర్మూర్, కామారెడ్డి, మేడ్చల్. అవుటర్ రింగు రోడ్డు తిరిగి కొత్తపేట చేరేసరికి పేటీల్లో అడుగు వరసలు మెత్తబడ్డాయి. మంచుకు ముందు కోసి, దారిలో నిలిచి, వేడి బండితో ఈడ్చుకొచ్చిన కాయ. వేలంలో పాట పాడినవాళ్లు కొన్ని పేటీలు విప్పి వేలితో నొక్కి చూసి పక్కకు జరిపారు. కిరాయిలో కోత పడింది.

సరుకు దించాక బండిని ఆటోనగర్ తీసుకెళ్లారు. ఆ సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే తేలింది.

మిస్త్రీ పెద్దాయన. ఆ వీధిలో అందరూ చాచా అనే పిలుస్తారు. హెడ్డు విప్పించాడు. రెండు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలిపోయి సన్నటి నల్ల దారి పడి ఉంది. మంట ఆ దారి గుండా నీళ్లలోకి దూరుతోంది. బుడగలు అవే. ఉక్కు బద్ద హెడ్డు మీద నిలబెట్టి, కింద ఫీలర్ గేజి ఆకు దూర్చి చూశాడు. ఆకు దూరింది. హెడ్డు వంగింది. సాన పట్టించాలి.

డ్రైవరు కాశ్మీరు కథంతా చెప్పి చివరికి, “అంతా ఈ పోరడి అట్టతోనే అయింది చాచా,” అన్నాడు.

చాచా విననట్టే థర్మోస్టాట్ హౌసింగ్ విప్పాడు. లోపల వేలు పెట్టి తిప్పాడు. ఖాళీ.

“ఇందులది ఏది?”

“ఎండకాలంల తీసేసినం. హీట్ అవుతుందని ఒక మెకానిక్కు అది దండగన్నడు.”

“మరి పోరణ్ని ఎందుకు తిడుతున్నవ్?”

బండిలో లేని వస్తువు అదీ. థర్మోస్టాట్ అంటే అరచేతిలో పట్టేంత వాల్వు. లోపల రాగి గుళికలో మైనం. నీళ్లు 80 డిగ్రీలు దాటేసరికి మైనం కరిగి ఉబ్బి వాల్వును తోస్తుంది, అప్పుడు నీళ్లు రేడియేటర్‌కు వెళ్తాయి. చల్లబడితే స్ప్రింగు మూసేస్తుంది, నీళ్లు ఇంజిన్‌లోనే తిరుగుతాయి. కాశ్మీరులోనూ కర్నూలులోనూ ఇంజిన్‌ను ఒకే వేడి దగ్గర నిలబెట్టేది అదే. మన దగ్గర మెకానిక్కులు దాన్ని పీకేయడం ఎంత మామూలంటే, కొత్త బండి కొన్నాక మొదటి ఎండాకాలంలోనే పీకించుకునే ఓనర్లు ఉన్నారు. నాకిది చూస్తే బాధగా ఉంటుంది. వేలు ఖర్చుపెట్టి ఇంజిన్ కట్టించుకునేవాళ్లు ఆ చిన్న వాల్వు దగ్గర పొదుపు చేస్తారు.

పీకేస్తే ఏమవుతుందో చాచా విడమరిచాడు. చలిలో వాల్వు లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్ గుండానే పోతుంటాయి. ఖాజీగుండ్‌లో ముల్లు 50 దాటకపోవడానికి అసలు కారణం చలి కాదు, ఆ ఖాళీ హౌసింగే. వాల్వు ఉంటే ఆ చలికి గోనె అక్కర్లేదు, అట్ట అంతకన్నా అక్కర్లేదు. ఇక ఎండలో మేలు జరిగిందా అంటే అదీ లేదు. ఇలాంటి ఇంజిన్‌లో థర్మోస్టాట్‌కు రెండు పనులు. రేడియేటర్ దారి తెరుస్తూనే, నీళ్లు రేడియేటర్‌కు పోకుండా తిరిగొచ్చే పక్కదారిని మూస్తుంది. వాల్వు పీకితే ఆ పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సాత్పురా కొండ మీద, రేడియేటర్ అవసరం ఎక్కువగా ఉన్న వేళ, కొన్ని నీళ్లు దాన్ని తాకకుండానే కాగుతూ తిరుగుతున్నాయి. అంటే చల్లటి చోట ఎక్కువ చల్లబరిచింది, వేడి చోట ఎక్కువ వేడెక్కించింది. అట్ట దాని మీద చివరి దెబ్బ వేసింది, అంతే.

“పంజాబోడు గోనెకు కిటికీ కోసిండు, చూసినవా?” అన్నాడు చాచా. చూశానన్నాడు డ్రైవరు. “ఎందుకో అడగలే.”

అడగాల్సిన ప్రశ్నే. అమెరికా, కెనడా ఉత్తర ప్రాంతాల్లో లారీల ముందు కట్టే కవర్లు బండి కొలతకే తయారవుతాయి. బొత్తాలతో మూసుకునే, తెరుచుకునే రెక్కలుంటాయి. అక్కడి లారీల మాన్యువల్స్ ఈ విషయంలో ఖండితంగా ఉంటాయి. బయట సున్నాకు 12 డిగ్రీలు దిగువకు పడి అక్కడే ఉంటే తప్ప కవరు వాడొద్దని ఫ్రెయిట్‌లైనర్ రాస్తుంది. వాడినా జాలీలో కనీసం నాలుగో వంతు తెరిచి ఉంచాలని, ఆ తెరిచిన చోటు ఒక మూలకు కాకుండా ఇంటర్‌కూలర్ గొట్టాలన్నిటికీ సమంగా గాలి తగిలేలా ఉండాలని డెట్రాయిట్ డీజిల్ చెబుతుంది. ఒక పక్క గొట్టాలు చల్లగా, ఇంకో పక్క వేడిగా ఉంటే అతుకుల దగ్గర చీలుతాయి. ఫ్యాన్‌కూ అదే బాధ. రెక్క సగం చుట్టు గాలిలో, సగం చుట్టు ఖాళీలో తిరిగితే షాఫ్టు మీద బరువు ఒక్కతీరుగా పడదు. మధ్యలో తెరిచి ఉంటే విస్కస్ క్లచ్‌కు అసలు వేడి తెలుస్తుంది, అవసరమైనప్పుడు పట్టుకుంటుంది. పంజాబు డ్రైవరు ఏ మాన్యువల్ చదివి కోశాడో తెలియదు గాని, కోసింది సరైన చోటే.

జనవరిలో ద్రాస్ మీదుగా నడిచేవాళ్లకు కవరు కావాలి, అందులో సందేహం లేదు. ఆ చలిలో థర్మోస్టాట్ పూర్తిగా మూసుకున్నా బయటి గాలి ఇంజిన్ ఒంటిని, ఆయిల్ సంపును, ఫిల్టర్‌ను కోసేస్తుంది. నిలబడి ఉన్నప్పుడు, దిగుడులో, ఖాళీ బండి మీద కవరు మేలే చేస్తుంది. నిండు లోడుతో ఎక్కుడు దారి పట్టినప్పుడు మాత్రం అదే కవరు రగ్గు కప్పుకుని కొండెక్కే మనిషి పాట్లు తెచ్చిపెడుతుంది. ఎంత చలి ఉందన్న లెక్క ఒక్కటే చాలదు, బండి ఎంత బరువు లాగుతోందన్న లెక్క కూడా వెయ్యాలి. నాకు ఈ గాథలో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది అదే. డ్రైవరుకు చలి వేస్తోందని ఇంజిన్‌కు కూడా వేస్తోందనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

హెడ్డు సాన, గ్యాస్కెట్, కూలెంట్, ఆయిల్ మార్పు. ఆయిల్ మార్చకుండా వదలనన్నాడు చాచా, ఖాజీగుండ్ రాత్రుల డీజిల్ అందులో కలిసి ఉంది కాబట్టి. వాటన్నిటి బిల్లులో అడుగున ఒక వరస థర్మోస్టాట్‌ది. మొత్తం మీద అన్నిటికన్నా చిన్న అంకె.

బండి మళ్లీ కాశ్మీరు వెళ్తూనే ఉంది. పండ్ల మార్కెట్టు ఆ తర్వాత కొత్తపేట నుంచి బాటసింగారం తరలిపోయింది. పాత జాగాలో ప్రభుత్వ ఆసుపత్రికి పునాది వేశారు. యాపిల్ లారీలు ఇప్పుడు అవుటర్ దిగి అటు పోతాయి. ఆనాటి క్లీనరు హెవీ లైసెన్సు తీసుకుని తనే నడుపుతున్నాడు. టూల్‌బాక్సులో మందపాటి క్యాన్వాసు ముక్క ఒకటి ఉంటుంది, నడుమ నలుచదరంగా కోసి, అంచులు కుట్టించింది. దాని తాడుకు ఎర్రగుడ్డ పొడుగ్గా కట్టి ఉంటుంది. కవరు జాలీకి కట్టినప్పుడు ఆ ఎర్రగుడ్డ రెండో కొసను స్టీరింగుకు ముడి వేస్తాడు. ముడి విప్పనిదే బండి తిప్పడం కుదరదు. నాశ్రీ సొరంగం దాటాక బండి పక్కకు తీసి, ముందు మూత తనే ఎత్తి, జాలీకీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య సందులోకి సెల్‌ఫోను లైటు వేసి చూస్తాడు. తర్వాత కొత్త క్లీనరును పిలిచి వాడి చేత కూడా చూపిస్తాడు. వాడు “ఏం లేదన్నా” అన్నాకే మొదటి గేరు వేస్తాడు.